నీళ్లలో రెక్క ఉంటే పతంగి ఎంత చాలు?

సంక్రాంతి దగ్గరపడితే మహదేవపూర్ పిల్లలు గాలిని చూసే చూపే మారిపోతుంది. చింతచెట్టు చిటారు కొమ్మ ఎటు ఊగుతోంది, బడి మీది జెండా ఎంత విచ్చుకుంది, బాట మీద దుమ్ము ఎంత ఎత్తు లేస్తోంది, అన్నీ లెక్కలోకి వస్తాయి. గాలి మందంగా ఉన్న పొద్దున పూట పెద్ద పతంగి. మధ్యాహ్నం ఊపందుకుంటే చిన్నది. మరీ జోరైతే ఆ చిన్నదానికి పాత చీర పేలికతో తోక. ఈ పాఠం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. జోరు గాలిలో పెద్ద పతంగి ఎగరేసినవాడి చూపుడు వేలు మీద దారం గీసిన ఎర్రటి గీతే చెబుతుంది.

ఇదే ప్రశ్నను సముద్రం మీదికి తీసుకుపోదాం. పతంగి దారం చేతిలో కాక నడుముకు కట్టి ఉంది. కాళ్ల కింద ఒక పలక. ఆ పలక అడుగున ఒక స్తంభం, స్తంభం చివర నీళ్లలో చిన్న విమానంలాంటి రెక్క. వేగం అందుకోగానే ఆ రెక్క పలకను, మనిషిని కలిపి నీటి మీదికి లేపేస్తుంది. అలలు కింద పోతుంటాయి, మనిషి రెండడుగుల ఎత్తున చప్పుడు లేకుండా జారిపోతుంటాడు. దీన్ని హైడ్రోఫాయిల్ కైట్‌సర్ఫింగ్ అంటున్నారు. కొత్తగా నేర్చుకునేవాడు మొదట అడిగే ప్రశ్న మాత్రం మహదేవపూర్ పిల్లవాడు దుకాణం ముందు అడిగేదే: ఏ సైజు తీసుకోవాలి?

మహదేవపూర్ మండలంలోని కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. గాలి, నీరు, ఇసుక మూడూ ఉన్న చోటు. ఈ ఆట మాత్రం అక్కడ లేదు, ఎందుకు లేదో తరవాత చూద్దాం. అయితే ఆటను అర్థం చేసుకోవడానికి కావలసిన తెలివి చాలావరకు ఆ ఊరి వేళ్లకు ముందే తెలుసు. తికమక లేకుండా ఉండటానికి మన కాగితపుదాన్ని పతంగి అనీ, మనిషిని లాగేదాన్ని కైట్ అనీ పిలుద్దాం.

రెండు రెక్కలు, రెండు ద్రవాలు

ఈ ఆటలో మనిషి రెండు రెక్కల మధ్య వేలాడుతుంటాడు. ఒకటి గాలిలో, ఇంకోటి నీళ్లలో. రెండూ నడిచేది ఒకే సూత్రం మీద. రెక్క కొంచెం వాలుగా ప్రవాహానికి ఎదురు నిలిస్తే, ప్రవాహాన్ని ఒక పక్కకు మళ్లిస్తుంది. మళ్లించినందుకు ప్రతిగా తాను రెండో పక్కకు నెట్టబడుతుంది. ఆ నెట్టుడు ఎంత ఉంటుందనేది నాలుగింటి మీద ఆధారపడుతుంది: ద్రవం సాంద్రత, రెక్క వైశాల్యం, రెక్క ఆకారమూ వాలూ, ప్రవాహ వేగం. వేగం మాత్రం వర్గంగా లెక్కకు వస్తుంది. అంటే వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు.

నీళ్లు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనవి. అందుకే నీళ్లలోని రెక్క అంత చిన్నగా ఉండి అంత పని చేస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. 75 కిలోల మనిషి, 10 కిలోల సరంజామా. గంటకు 14 కిలోమీటర్ల చిల్లర వేగం, అంటే సైకిల్ వేగం. ఈ బరువును నీళ్లలోంచి లేపడానికి సుమారు 1,300 చదరపు సెంటీమీటర్ల రెక్క సరిపోతుంది. దినపత్రిక పేజీలో ముప్పాతిక భాగం. అదే వేగంతో, అదే ఆకారపు రెక్కతో గాలిలో ఆ పని చేయించాలంటే 100 చదరపు మీటర్లకు పైగా రెక్క కావాలి, అంటే ఓ మోస్తరు ఇంటి పైకప్పంత.

బరువు మోసే పని కింది రెక్క తీసుకుంది. పై రెక్కకు, అంటే కైట్‌కు, మిగిలింది ముందుకు లాగే పని మాత్రమే. ఆ లాగుడు ఎంత కావాలన్నదే సైజు ప్రశ్న.

ఇసుకలో బండి, తారు రోడ్డు మీద బండి

గోదావరి ఇసుకలో దిగబడ్డ ఎడ్లబండిని ఊహించుకోండి. ఎడ్లు మెడలు వంచి గుంజాలి, వెనక నలుగురు భుజాలు పెట్టి నెట్టాలి. అదే బండి కాటారం రోడ్డెక్కితే తోలేవాడు కునుకు తీసినా ఎడ్లు ఈడ్చుకుపోతాయి. బరువు అదే, నిరోధం మారింది.

హైడ్రోఫాయిల్ పలకకూ ఈ రెండు దశలున్నాయి. మనిషి నీళ్లలోంచి లేచి పలక మీద నిలబడేదాకా ఇసుకలో బండి. పలక నీటిని రాసుకుంటూ, తోసుకుంటూ పోవాలి. రెక్క పనిలోకి దిగి పలక గాలిలోకి లేచిందో, తారు రోడ్డు. మామూలు కైట్‌బోర్డు నీటి ఉపరితలాన్ని చరుచుకుంటూ పోతుంది. దాని మీద నిలిచే బరువులో అయిదో వంతు బలం ముందుకు నెట్టడానికి కావాలనుకుంటే, 85 కిలోలకు 17 కిలోల లాగుడు. మంచి హైడ్రోఫాయిల్‌కు పన్నెండో వంతు చాలనుకుంటే, 7 కిలోలు. ఇవి లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలే. అసలు విలువలు రెక్కను బట్టి, వేగాన్ని బట్టి మారతాయి. మొగ్గు ఎటు అన్నది మాత్రం మారదు.

కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. నీళ్లలోంచి లేవడం కష్టంగా ఉంది కాబట్టి పెద్ద కైట్ కావాలనుకుంటారు. పెద్ద కైట్ తెస్తారు. అది ఇసుకలోంచి బండిని లాగేస్తుంది, నిజమే. మరుక్షణం పలక గాలిలోకి లేస్తుంది, నిరోధం సగానికి పైగా పడిపోతుంది, కైట్ లాగుడు మాత్రం తగ్గదు. తారు రోడ్డు మీద నాలుగు జతల ఎడ్లు బెదిరి పరిగెత్తినట్టు అవుతుంది. వేగం పెరిగితే కింది రెక్క ఎత్తే బలం వర్గంగా పెరుగుతుంది. పలక అమాంతం పైకి ఎగబాకి, రెక్క నీటి పైకి తేలిపోతుంది. పట్టు తప్పి పలక దభీమని కూలుతుంది, మనిషి ముందుకు గిరాటు పడతాడు.

మరి చిన్న కైట్‌తో ఇసుకలోంచి బయటపడేది ఎలా? ఇక్కడే పతంగి ఆడినవాడి తెలివి పనికొస్తుంది.

నిలబెట్టిన పతంగి, దూకించిన పతంగి

పతంగి నెత్తి మీద నిలకడగా ఉన్నప్పుడు దారం మెత్తగా ఉంటుంది. అదే పతంగి గోతా కొట్టి పక్కకు దూసుకుపోతే దారం ఒక్కసారి బిగుస్తుంది, వేలు కోస్తుంది. గాలి మారలేదు, పతంగి కదిలింది. కదిలే పతంగికి గాలి వేగంతో పాటు తన సొంత వేగం కూడా గాలిలాగే తగులుతుంది. గాలి లేని రోజు బండి మీద పోతుంటే ముఖానికి గాలి కొట్టినట్టు.

9 చదరపు మీటర్ల కైట్‌ను గంటకు 28 కిలోమీటర్ల గాలిలో నిలబెడితే అది సుమారు 26 కిలోల బలంతో లాగుతుందనుకుందాం. నావికుల కొలతలో ఆ గాలి 15 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. అదే కైట్‌ను ఏటవాలుగా కిందికి దూకించి, దానికి తగిలే గాలి వేగాన్ని రెట్టింపు చేస్తే లాగుడు నాలుగింతలై 100 కిలోలు దాటుతుంది.

అంటే చిన్న కైట్‌లో పెద్ద కైట్ దాగి ఉంది. ఇసుకలోంచి బండి కదలాల్సిన ఆ రెండు మూడు సెకన్లు దాన్ని దూకించాలి. పలక లేచాక తెచ్చి ఒక అంచున నిలిపేయాలి. బలం అడిగినప్పుడు వస్తుంది, వద్దన్నప్పుడు తగ్గుతుంది. పెద్ద కైట్‌కు ఈ గుణం తక్కువ. అది మెల్లగా తిరుగుతుంది, నిలబెట్టినా లాగుతూనే ఉంటుంది. అందుకే శిక్షకులు కొత్తవాళ్లకు చెప్పే మాట ఇది: మామూలు బోర్డు మీద ఆ గాలికి వాడే కైట్‌కంటే దాదాపు మూడో వంతు చిన్నది తీసుకో, లేవడానికి కష్టంగా ఉంటే కైట్‌ను పెంచకు, పలకను పెంచు. నీటి మీద బాగా తేలే పెద్ద పలక అయితే లేవడానికి తక్కువ లాగుడు చాలు.

అంకెల్లో చూస్తే, 75 కిలోల మనిషి 15 నాట్ల గాలిలో మామూలు బోర్డు మీద 12 చదరపు మీటర్ల కైట్ వాడితే, హైడ్రోఫాయిల్ నేర్చుకునేటప్పుడు 8కి అటూ ఇటుగా చూసుకోవాలి. తేలికపాటి మనిషికి 6 లేదా 7. 90 కిలోలవాడికి 9 లేదా 10. నేర్చుకోవడానికి అనువైన గాలి 12 నుంచి 15 నాట్లు. 20 దాటితే ఆ రోజు ఒడ్డున కూర్చోవడం మంచిది. 15 నుంచి 20 నాట్లకు పెరగడం అంటే మూడో వంతు పెరిగినట్టే కనిపిస్తుంది కానీ, వర్గం లెక్కలో బలం 1.78 రెట్లవుతుంది.

కైట్ మీద రాసి ఉన్న చదరపు మీటర్లు దాన్ని నేల మీద చదునుగా పరిస్తే వచ్చే కొలత. గాలిలో అది విల్లులా వంగి ఉంటుంది కాబట్టి అసలు లాగే నీడ అంతకంటే తక్కువ. బాగా వంగే రకం 9, చదునుగా నిలిచే రకం 9 ఒకటి కావు. సైజు అంకె ఒక్కటే చూసి కొనేవాడు ఇక్కడ బోల్తా పడతాడు.

శరీర బరువును బట్టి, గాలిని బట్టి తెరచాప మార్చడం హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పడవ నేర్చుకునే పిల్లలకు కొత్త కాదు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఏటా వానాకాలంలో పెట్టే పోటీల్లో కనిపించే ఐఎల్‌సీఏ తరగతి పడవలే చూడండి. పడవ ఒకటే. చాప మాత్రం మూడు సైజుల్లో ఉంటుంది: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. బక్కపలచని పిల్లలు చిన్న చాపతో మొదలుపెట్టి, ఒళ్లు పెరిగేకొద్దీ పెద్ద చాపకు మారతారు. చిన్న చాపతో మొదలుపెట్టడం ఎవరికీ నామోషీ కాదు.

డీల్ తట్టుకునే కైట్

సైజు తేలాక రెండో ప్రశ్న రకం గురించి. ఇక్కడ హైడ్రోఫాయిల్‌ది ఒక వింత సమస్య. మామూలు బోర్డు మీద ఉన్నవాడు కైట్ వైపు వేగంగా పోలేడు, నీరు పట్టి ఆపుతుంది. హైడ్రోఫాయిల్ మీద ఉన్నవాడు గాలి వాలున జారిపోతూ తన కైట్‌నే తరుముకోగలడు. గాలి గంటకు 20 కిలోమీటర్లు వీస్తోంది, మీరూ అదే దిక్కున 20తో పోతున్నారనుకోండి. మీకు తగిలే గాలి సున్నా. తాళ్లు వదులవుతాయి. కైట్ ఊపిరి తీసేసినట్టు జావగారి నీళ్లలో పడుతుంది.

పతంగి ఆటలో దీనికి మాట ఉంది. డీల్ వదలడం. దారం వదులుతూ పోతే మంచి పతంగి బొక్కబోర్లా పడదు, గాలితో తేలుకుంటూ దూరం జరుగుతుంది. సూత్రపు దారం సరిగా కట్టని పతంగి మాత్రం గిరగిరా తిరిగి కూలుతుంది. హైడ్రోఫాయిల్‌కు ఎంచుకునే కైట్‌లో మొదట చూడాల్సిన గుణం ఇదే. తాళ్లు వదులైనా ముక్కు ముందుకు వాల్చకుండా, గాలితో వెనక్కి తేలిపోతూ, బిగువు కోసం ఎదురుచూసేది కావాలి. అందుకు బరువు తక్కువుండాలి, ఆకారం నిలకడగా ఉండాలి.

ఈ ఆటలో వాడే కైట్లు రెండు జాతులు. మొదటిది గాలి గొట్టాలది. ముందంచు వెంట ఒక లావుపాటి గొట్టం, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి చిన్న గొట్టాలు. పంపుతో గాలి కొట్టి గట్టిపరుస్తారు. నీళ్లలో పడినా ట్యూబులా తేలుతుంది, తాడు లాగితే మళ్లీ లేస్తుంది. రెండోది పారాచూట్ జాతి. గొట్టాలుండవు. రెండు పొరల గుడ్డ మధ్య అరలు, ముందు నుంచి దూరే గాలే వాటిని నింపుతుంది. ఇది చాలా తేలిక, చాలా సమర్థం, అతి తక్కువ గాలిలోనూ ఎగురుతుంది. ఒలింపిక్ పోటీల్లో వాడేది దీన్నే.

కొత్తవాడికి ఈ రెండోది వద్దని అనుభవజ్ఞులు ఎందుకు చెబుతారో దాని సామర్థ్యమే చెబుతుంది. అది గాలి అంచుకు బాగా ముందుకు దూసుకుపోతుంది, కాబట్టి కొద్దిపాటి తప్పుకే తాళ్లు వదులైపోతాయి. నీళ్లలో పడితే గుడ్డ మెలిపడుతుంది, అరల్లో మెల్లగా నీరు చేరుతుంది. నేర్చుకునేవాడి కైట్ రోజుకు నాలుగుసార్లు కాదు, నలభైసార్లు నీళ్లలో పడుతుంది. పడిన ప్రతిసారీ తిరిగి లేచేదే అతనికి మంచి కైట్.

గాలి గొట్టాల జాతిలో మళ్లీ పక్కటెముకల లెక్క ఉంది. అయిదున్నది గట్టిగా, బరువుగా ఉంటుంది, జోరు గాలికి పనికొస్తుంది. మూడున్నది మధ్యరకం. ఒకటే ఉన్నది, అసలు లేనిది చాలా తేలిక. డీల్ బాగా తట్టుకుంటాయి, నీళ్లలోంచి సులువుగా లేస్తాయి. గాలి ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు మాత్రం వాటి గుడ్డ టపటపా కొట్టుకుంటుంది. ఇప్పటికే మూడు పక్కటెముకల కైట్ చేతిలో ఉంటే దానితోనే మొదలుపెట్టవచ్చు. హైడ్రోఫాయిల్ కోసమే కొత్తగా కొనేటట్టయితే ఒక పక్కటెముకదో, తేలికపాటి మూడు పక్కటెముకలదో చూసుకోవాలి.

గుడ్డ సంగతీ చెప్పుకోవాలి. మహదేవపూర్ అంటే దసలి పట్టు. చుట్టుపక్కల అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే పురుగు గూళ్ల నుంచి తీసిన దారం. ఆ చీర హాయిగా ఉండటానికి కారణం దాని నేతలోంచి గాలి ఆడటం. కైట్ గుడ్డకు దీనికి పూర్తిగా విరుద్ధమైన గుణం కావాలి. దానిలోంచి గాలి పిసరంత కూడా దూరకూడదు. అందుకే పాలిస్టర్ నేతకు పూత పూస్తారు. మధ్యమధ్య లావు పోగులతో గళ్లు నేస్తారు, ఒక గడిలో చిరుగు పడితే పక్క గడికి పాకకుండా అవి ఆపుతాయి. ఆ గుడ్డ చదరపు మీటరుకు 50 గ్రాముల చొప్పున మాత్రమే తూగుతుంది. పాత కైట్ కొనేవాళ్లు ఈ గుడ్డను రెండు వేళ్ల మధ్య రుద్ది చూడాలి. పూత పోయి మెత్తని పాత చీరలా జారితే వదిలేయాలి. అలాంటి కైట్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, నీళ్లలోంచి లేవనని మొండికేస్తుంది.

టెలిఫోన్ మనిషి పతంగులు

గాలి రెక్కనూ నీటి రెక్కనూ రెండింటినీ వెంటాడిన మనిషి ఒకడు వందేళ్ల కిందటే ఉన్నాడు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్. కెనడాలోని నోవాస్కోషియాలో సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకుని, త్రిభుజాల అరలతో భారీ పతంగులు చేసేవాడు. 1907 డిసెంబరులో అలాంటి ఒక పతంగి, పేరు సిగ్నెట్, థామస్ సెల్ఫ్రిడ్జ్ అనే సైనికాధికారిని మోస్తూ 50 మీటర్ల ఎత్తుకు లేచింది. దాన్ని లాగింది ఆవిరి పడవ. ఏడు నిమిషాల తరవాత పతంగి మెత్తగా నీటి మీదికి దిగింది. తాడును మాత్రం సమయానికి తెంచలేదు. పడవ లాగుతూనే పోయింది, పతంగి తునాతునకలైంది. సెల్ఫ్రిడ్జ్ బతికి బయటపడ్డాడు.

బెల్ తరవాత నీటి రెక్కల మీద పడ్డాడు. ఇటలీలో ఎన్రికో ఫోర్లానినీ 1906లోనే మాజోరే సరస్సు మీద రెక్కల పడవ నడిపాడు. దాని మీద ఎక్కి తిరిగొచ్చిన బెల్, తన సహచరుడు కేసీ బాల్డ్విన్‌తో కలిసి హెచ్‌డీ-4 అనే పడవ చేశాడు. 1919 సెప్టెంబరు 9న అది గంటకు 114 కిలోమీటర్ల వేగం అందుకుని అప్పటి నీటి వేగపు రికార్డు కొట్టింది. ఒకే ఒడ్డున పతంగీ ఉంది, నీటి రెక్కా ఉంది. రెండింటినీ ఒక మనిషికి కట్టే ఆలోచన మాత్రం అప్పటికి ఇంకా రాలేదు.

పతంగితో పడవ లాగించిన వాళ్లు వేరే ఉన్నారు. శామ్యూల్ కోడీ 1903లో పతంగి కట్టిన పడవలో ఇంగ్లిష్ ఛానెల్ దాటాడు. ఈ ఆట జనానికి అందేందుకు బాట వేసింది మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో, డొమినిక్ లెగైన్యూ అన్నదమ్ములు 1984లో గాలి గొట్టాల కైట్‌కు తీసుకున్న పేటెంట్. వాళ్లు పరిష్కరించింది వేగం సమస్య కాదు. నీళ్లలో పడిన కైట్ మళ్లీ ఎలా లేవాలి అన్నది. ఆ ఒక్క ముడి విప్పాకే కైట్‌సర్ఫింగ్ అన్నది మొదలైంది. 40 ఏళ్ల తరవాత, 2024 ఆగస్టులో మార్సెయ్‌లో హైడ్రోఫాయిల్ కైట్ తొలిసారి ఒలింపిక్ ఆటైంది. పురుషుల్లో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్, మహిళల్లో బ్రిటన్‌కు చెందిన ఎల్లీ ఆల్‌డ్రిజ్ స్వర్ణాలు గెలిచారు. సింగపూర్‌కు కాంస్యం తెచ్చిన మాక్స్ మేడర్‌కు అప్పటికి 17 ఏళ్లు. వీళ్ల పరుగు గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. టీవీలో చూసినవాడికి వాళ్ల కైటే కావాలనిపిస్తుంది. రేసు గుర్రం మీద స్వారీ నేర్చుకోవాలనుకోవడంలాంటిది అది.

సెల్ఫ్రిడ్జ్ తాడు తెగకపోవడంలో ఉన్న పాఠం ఇప్పుడు ప్రతి కైట్ బార్ మీదా, అంటే కైట్‌ను తిప్పడానికి చేత్తో పట్టుకునే కడ్డీ మీదా కనిపిస్తుంది. ఒక్క తోపుతో కైట్‌ను నడుము నుంచి విడిపించే పిడి అది. 2020లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది, ఐఎస్‌ఓ 21853. పాత బార్ చౌకగా వస్తోందని కొనేవాళ్లు ముందు దీన్నే పరీక్షించాలి. కైట్ తాళ్లు మన మాంజాలా గాజుపొడి పూసినవి కావు, కానీ ఒక్కోటీ 200 కిలోలకు పైగా బలం తట్టుకుంటుంది. బిగిసిన తాడు వేలికి చుట్టుకుంటే గీతతో పోదు.

మేడిగడ్డ మీద ఎందుకు కాదు

2019 జూన్ 21న మేడిగడ్డ ఆనకట్ట ప్రారంభమయ్యాక మహదేవపూర్ దగ్గర గోదావరి కొన్నాళ్లు సముద్రంలా కనిపించింది. 85 గేట్లు, 16 టీఎంసీలకు పైగా నిల్వ, అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ. ఆ నీళ్లను చూసినవాళ్లకు పడవ పందాల ఊహ రాకుండా ఉండదు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి, గేట్లు ఎత్తి నీరు వదిలేశారు. అది వేరే కథ. నిండుగా ఉన్నా కూడా ఆ నీళ్లు హైడ్రోఫాయిల్ నేర్చుకునే చోటు కాదు. ఎందుకో తెలిస్తే, చోటు ఎంచుకోవడం కైట్ ఎంచుకోవడంలో భాగమేనని అర్థమవుతుంది.

మొదటి కారణం గాలి. సముద్రం మీద నుంచి వచ్చే గాలికి దారిలో అడ్డం లేదు, అది ఒకే పోతగా వీస్తుంది. గోదావరి మీదికి వచ్చే గాలి అడవులు, గుట్టలు, గట్లు దాటి వస్తుంది, ముక్కలు ముక్కలుగా. ఎండకు వేడెక్కిన ఇసుక మీద నుంచి లేచే సుడులు దానికి తోడు. 12 నాట్ల గాలి ఒక్క క్షణం 18కి ఎగిరితే లాగుడు 2.25 రెట్లవుతుంది. ఏ సైజు కైటూ ఆ రెండింటికీ సరిపోదు. 12కి తీసుకుంటే 18 దగ్గర ఎత్తి కుదేస్తుంది, 18కి తీసుకుంటే 12 దగ్గర నీళ్లలో కూర్చుంటుంది.

రెండోది లోతు. నేర్చుకునేవాళ్ల పలక కింద స్తంభం 60 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటుంది. గోదావరిలో ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. నిన్న నడుములోతున్న చోట ఇవాళ మోకాలిలోతు. రెక్క ఇసుకలో దిగితే పలక అక్కడే ఆగుతుంది, మనిషి ఆగడు. చేపల వలలు ఇంకో ఆటంకం. మూడోది ప్రవాహం. తెరిచిన గేట్ల వైపు నీరు లాగుతుంటే, కైట్ పడిపోయినవాడు ఈది ఒడ్డు చేరడం దైవాధీనం. ఎగువన మంచిర్యాల దగ్గరి శివారం అభయారణ్యం మొసళ్ల కోసం పెట్టిందని గుర్తుంచుకోవడమూ మంచిదే. ఇక కాళేశ్వరం ఘాట్లలో ఎప్పుడూ జనమే. 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు వచ్చిన జనసంద్రం మాట సరే, మామూలు సోమవారాల్లోనూ స్నానాలు చేసేవాళ్ల నెత్తిన ఇరవై మీటర్ల తాళ్లు తిప్పడం నేరంలాంటిదే.

ఈ ఆటకు మన దక్షిణాదిలో పేరున్న చోట్లు తమిళనాడులోని రామేశ్వరం, తూత్తుకుడి. నైరుతి రుతుపవనాలప్పుడు ఒక పక్క, ఈశాన్యం గాలులప్పుడు ఇంకో పక్క నిలకడైన గాలి, అలలు తక్కువున్న నీళ్లు అక్కడ దొరుకుతాయి. తెలుగు నేల నుంచి నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఒక రైలుతోనో, రెండు రైళ్లతోనో అందే దూరం. ముందు మామూలు బోర్డు మీద కైట్‌ను చూడకుండానే నడిపేంత చేయి తిరగాలి. హైడ్రోఫాయిల్ మీద కళ్లు నీటి మీద, బుద్ధి పాదాల మీద ఉండాలి. పైన ఏం జరుగుతోందో చేతులే చూసుకోవాలి. హెల్మెట్, ఛాతీని కాపాడే జాకెట్ తప్పనిసరి. పదునైన అంచులున్న రెక్క కాళ్ల కిందే ఉంది మరి.

అక్కడికి చేరాక శిక్షకుడు రెండు కైట్లు చూపించి ఏది కావాలంటే ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు. చిన్నది, తేలికైనది, డీల్ తట్టుకునేది, పడితే లేచేది. దానితో లేవలేకపోతే పెద్ద పలక అడగాలి. అది చెప్పేముందు నీటి అంచున నిలబడి ఒక నిమిషం గాలి చూడాలి. జెండా ఎంత విచ్చుకుంది, కొబ్బరాకులు ఎంత ఊగుతున్నాయి, ఇసుక ఎంత ఎత్తు లేస్తోంది. మహదేవపూర్‌లో పదేళ్లప్పుడు వేలు కోసుకున్నవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన పని కాదు.